కౌంటర్ తట్టిన పెద్దాయన

నిన్న పొద్దున మా కొట్టుకి ఒక వడ్రంగి వచ్చాడు. కౌంటర్ పాతబడింది, పీకేసి తెల్లటి కొత్త పలక వేయించమని మా ఆవిడ సుజాత ఆరు నెలలుగా పోరుతోంది. వచ్చినతను టేపు తీయకముందే వేళ్ళ కణుపులతో చెక్క మీద టక టక టకమని మూడుసార్లు కొట్టి చూశాడు.

నేను అలవాటుగా "థాంక్యూ" అన్నాను.

అతను నా వైపు ఎగాదిగా చూశాడు. తనింకా పనే మొదలుపెట్టలేదు, వీడెందుకు మెచ్చుకుంటున్నాడని అనుమానం కాబోలు. "చెక్క గట్టిదే, ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు" అన్నాడు. "అయితే దాన్ని ముట్టుకోకు, అరలు మాత్రం మార్చు" అన్నాను. సుజాతకి ఏం చెప్పాలో సాయంత్రం చూసుకుందాం అనుకున్నాను. ఆవిడ ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి వచ్చేసరికి కోపం తెచ్చుకునే ఓపిక ఉండదు.

ఆ కౌంటర్‌ని అలా తట్టిన పెద్దాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు చెప్పను. పేరు పెట్టి పిలవమని ఆయన బతికున్నప్పుడు ఎంత బతిమాలినా పిలవలేదు, ఇప్పుడు పిలిస్తే ఏం మర్యాద.

మాది వెల్లింగ్టన్‌లో ఒక కొండ వాలు మీద ఉన్న డెయిరీ. డెయిరీ అంటే బర్రెలుంటాయనుకునేరు. ఇక్కడ వీధి మూల కిరాణా కొట్టుని అలా అంటారు. పాలు, బ్రెడ్డు, పేపరు, ఐస్‌క్రీము, పిల్లి తిండి, గాలికి విరిగిపోయిన గొడుగుల స్థానంలో కొత్త గొడుగులు, అవి మళ్ళీ విరిగితే మళ్ళీ కొత్తవి. ఈ ఊళ్ళో గాలికి నేను రుణపడి ఉన్నాను. కొట్టు ముందే బస్ స్టాపు, స్టాపులో ఒక బెంచీ.

ఆయన పొద్దున మొదటి బస్సుకి దిగేవాడు. అప్పటికి డెబ్బై దాటాయి. పొడుగు మనిషి, చెవుల మీద దాకా తెల్లజుట్టు, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు. పేపర్ల కట్ట ఇంకా రాకపోతే బెంచీ మీద కూర్చోలేక లేచి, లేచి నిలబడలేక నడిచి, రోడ్డు మలుపు వైపు తొంగి చూసేవాడు. కట్ట రాగానే జేబులోంచి చిన్న చాకు తీసి దాని ప్లాస్టిక్ పట్టీ తనే కోసేవాడు. ఆ హక్కు ఇంకెవరికీ లేదు, నాక్కూడా. ఆ తర్వాత కౌంటర్‌కి ఆనుకుని నిలబడి, పెన్సిల్‌తో పేపరు అంచుల్లో గీతలు గీస్తూ గొణుక్కునేవాడు. ఆయన పేపరు కొనేది చదవడానికి కాదు, దానితో పోట్లాడటానికి.

కుర్రతనంలో ఆయన జర్మనీలో విద్యార్థి నాయకుడట. అక్కడ ఒక పత్రిక తమ మీద రోజూ నిప్పులు చెరుగుతోందని వందలమంది పిల్లలు దాని ముద్రణాలయం గేటు ముందు పడుకున్నారట, పేపరు లారీలు బయటికి పోకుండా. అందులో ఈయనొకడు. ఈ సంగతి తెలిశాక నేను ఊరుకుంటానా.

"అంకుల్, ఆ వయసులో పేపరు బండి బయటికి రాకూడదని రోడ్డుకడ్డంగా పడుకున్నారు. ఈ వయసులో అదే బండి పది నిమిషాలు ఆలస్యమైతే బీపీ పెంచుకుంటున్నారు. ఇంతకీ పోరాటం ఎవరు గెలిచినట్టు?"

ఆయన నవ్వడు. ముఖం ఇంకా సీరియస్‌గా పెట్టి, కౌంటర్ మీద వేళ్ళ కణుపులతో టక టక టక.

నేను హడావిడిగా పేపరు మడిచి చేతిలో పెట్టి చిల్లర లెక్కపెట్టేవాణ్ణి. మా దిక్కున కౌంటర్ మీద కొట్టారంటే ఒకటే అర్థం, తొందరగా కానివ్వవయ్యా అని. హైదరాబాద్‌లో బట్టల కొట్టులో పదేళ్ళు అలాంటి చప్పుళ్ళకే పరిగెత్తాను. పెద్దాయనకి నా వాగుడు నచ్చట్లేదు, మర్యాదస్తుడు కాబట్టి నోటితో అనట్లేదు అని నా లెక్క. కానీ రేపు పొద్దున మళ్ళీ వాగకుండా ఉండలేను. అది నా రోగం.

అంకుల్ అనే పిలుపు కూడా ఊరికే రాలేదు. మొదట్లో సార్ అనేవాణ్ణి. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"సార్‌లందర్నీ తరిమేయడానికే నేను యూనివర్సిటీలో చేరాను. పేరు పెట్టి పిలువు."

"పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ కల్లోకొచ్చి కొడుతుంది."

"పెద్దవాళ్ళని అలా పిలవకూడదని ఎవరు నిర్ణయించారు?"

"మా అమ్మే."

ఇది తేలేది కాదని ఆయన అక్కడికక్కడే మీటింగు పెట్టాడు. మీటింగంటే నేను, ఆయన, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న సుజాత. ఎవరేం మాట్లాడాలో వరస రాసుకున్నాడు, నేను మధ్యలో దూరితే "నీ వంతు రాలేదు" అన్నాడు. ఓటింగు పెట్టాడు. అంకుల్‌కి రెండు ఓట్లు, వ్యతిరేకంగా ఆయనది ఒకటి. ఓడిపోయిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు నుంచి ఎవరడిగినా "నేను వీళ్ళకి అంకుల్‌ని, ఎన్నికైన అంకుల్‌ని" అని చెప్పుకునేవాడు.

ఎవరు నిర్ణయించారు. ఈ మాట ఆయన రోజుకి ఇరవై సార్లయినా అనేవాడు. పాలు కొట్టులో అంత వెనక్కి ఎందుకున్నాయి, ఎవరు నిర్ణయించారు? నా భార్య. అయితే అప్పీల్ లేదు. బడి గంట తొమ్మిదికే ఎందుకు కొట్టాలి, కుక్కల్ని బస్సెక్కనివ్వరేం, శ్మశానానికి కొండ మీద అంత మంచి జాగా ఇచ్చి బతికున్నవాళ్ళని లోయలో ఎందుకు పెట్టారు? జవాబు చెబితే చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆయన సోషియాలజీ ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాడు. ఆ చదువేంటో చెప్పమన్నాను.

"మనుషులు చేసే పని ఎందుకు చేస్తున్నారో అడిగి తెలుసుకోవడం."

"మా వాడకట్టులో ఆ పని పెద్దమ్మలు ఊరికే చేసేవాళ్ళు అంకుల్. దానికి జీతం కూడా ఇస్తారా?"

టక టక టక. నేను వెంటనే బ్రెడ్డు సంచిలో పెట్టేశాను.

నా చదువు సంగతి కూడా ఒకరోజు వచ్చింది. ఇక్కడ మా తెలుగువాళ్ళు చాలామంది గవర్నమెంటు ఆఫీసుల్లో కంప్యూటర్ కాంట్రాక్టులు చేస్తారు. పండక్కి కలిసినప్పుడు "భయ్యా, మీరేం చదివిన్రు" అని అడుగుతారు. నేను "డబుల్ టెన్త్" అంటాను. రెండుసార్లు రాశాను కదా. రెండుసార్లూ లెక్కల్లోనే పోయింది. అందరూ నవ్వుతారు, నేను అందరికంటే గట్టిగా నవ్వుతాను, తర్వాత ప్లేటు పట్టుకుని వంటగది వైపు పోతాను. పెద్దాయనకీ అదే జోకు చెప్పాను. ఆయన నవ్వలేదు, తట్టనూలేదు.

"నన్ను యూనివర్సిటీ హాల్లోంచి రెండుసార్లు పోలీసులు మోసుకెళ్ళి బయట పడేశారు. నలుగురు పట్టుకున్నారు, కాళ్ళిద్దరు, చేతులిద్దరు."

"చూశారా మరి. నేను బడిలోంచి ఎవరి సాయం లేకుండా నా కాళ్ళ మీద నేనే బయటికొచ్చాను."

అప్పుడు మాత్రం తట్టాడు, టీ కప్పు కదిలేలా.

ఒక ఆదివారం ఆయన్ని పైన మా ఇంటికి భోజనానికి పిలిచాం. ఇల్లంటే కొట్టు మీద రెండు గదులే. సుజాత సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె లోపల అద్ది, వేలితో చిల్లులు పెట్టి కాలుస్తారు. ఆయన ఫోర్కు పక్కన పెట్టి, ముక్కని వెలుతురుకెత్తి చిల్లుల్లోంచి సుజాత వైపు చూశాడు.

"ఈ చిల్లులు ఎవరు నిర్ణయించారు?"

"మా అత్తమ్మ" అంది సుజాత.

ఒక్కటి పూర్తిగా తిన్నాడు. కళ్ళలో నీళ్ళు, ముక్కు ఎర్రబడింది. టేబుల్ మీద టక టక టక. సుజాత నా చెవి దగ్గరికి వంగింది. "గట్ల కొడ్తుండంటే ఇంకోటి వెయ్యుమంటుండు గావొచ్చు. పాపం, అడగనీకి సిగ్గు." ఇంకోటి వేసింది. మన ఇళ్ళల్లో కంచంలో పడ్డది వదిలేయకూడదని ఆయన ఏ పుస్తకంలోనో చదివాడట, మొత్తం తిన్నాడు. తిన్నాక మర్యాదకి మళ్ళీ తట్టాడు. మళ్ళీ వేసింది. నాలుగోది సగంలో ఉండగా ఆయన రెండు చేతులూ టేబుల్ కింద పెట్టేసుకుని కదలకుండా కూర్చున్నాడు. "ఇప్పుడు నిండింది" అంది సుజాత సంతోషంగా. తర్వాత రెండు రోజులు మొదటి బస్సుకి ఆయన దిగలేదు.

అసలు కథ బస్ స్టాపుది.

ఒక పొద్దున స్తంభానికి కాగితం అంటించి ఉంది. ఈ స్టాపు ఎత్తేసి కొండ పైన కొత్తది పెట్టాలనుకుంటున్నాం, అభిప్రాయాలు చెప్పదలిచినవాళ్ళు నగర మండలి ముందుకొచ్చి అయిదేసి నిమిషాలు మాట్లాడొచ్చు అని. బస్సు ఆగకపోతే మా కొట్టుకి దిగేవాళ్ళుండరు. ఈ దేశానికి నర్సు భార్య వెంట సూట్‌కేసు మోసుకుంటూ వచ్చినవాణ్ణి. నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ కొట్టొక్కటే.

కాగితం పట్టుకుని పెద్దాయన ముందు పెట్టాను. "అంకుల్, మీరు వేలమంది ముందు మైకు పట్టుకున్న మనిషి. మా తరఫున మీరు మాట్లాడండి."

"మాట్లాడను."

అంత ఠక్కున అంటాడనుకోలేదు. నా ముఖం చూసి బెంచీ మీద కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు.

"ఇరవై రెండేళ్ళప్పుడు మేం కొందరం తెల్లారకముందే ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి కార్మికులకి కరపత్రాలు పంచాం. వాళ్ళ తరఫున మేమే రాశాం, వాళ్ళ కష్టాలు, వాళ్ళ డిమాండ్లు. వాళ్ళనొక్క మాట అడగలేదు. ఒకతను తీసుకుని తిప్పి చూసి, తన రొట్టెముక్క అందులో చుట్టుకున్నాడు. కాగితం బాగుంది, జిడ్డు పీలుస్తుంది అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత నేను సోషియాలజీ చదివాను. అడగడం నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ ఒకడి తరఫున నేను మాట్లాడితే ఆ చదువంతా దండగ. నీ కొట్టు గురించి నువ్వే మాట్లాడాలి. నేను వచ్చి వెనక కూర్చుంటాను."

"నేను టెన్త్ ఫెయిల్ అంకుల్."

"వాళ్ళు లెక్కలు అడగరు."

కంప్యూటర్ మిత్రుడొకడు నాకు ఇంగ్లీషులో రెండు పేజీలు రాసిపెట్టాడు. అందులో ప్రతి వాక్యంలోనూ నాకు పలకడం రాని మాట ఒకటుంది. మండలి హాల్లో పొడుగు బల్ల వెనక ఎనిమిదిమంది కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, ఆవిడ చేతి దగ్గర చిన్న గంట. నా పేరు పిలిచారు. మొదటి వాక్యంలో రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను.

"క్షమించండి, ఇది నా కంటే బాగా చదువుకున్న కాగితం. నేను కొట్టులో మాట్లాడినట్టే మాట్లాడతాను" అన్నాను. వాళ్ళు తలూపారు.

ఆ స్టాపులో ఎవరెవరు దిగుతారో చెప్పాను. చేతికర్ర, పిల్లి తిండి మోసుకుంటూ దిగే ముసలావిడ. ఆవిడకంటే ఆ పిల్లే ఎక్కువ తింటుంది. బూర వాయిద్యం పెట్టె మా కొట్టులో మర్చిపోయే బడిపిల్ల. వారానికి మూడుసార్లు మర్చిపోతుందంటే ఆ పిల్లకి సంగీతం ఎంత ఇష్టమో చూడండి. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చే నర్సు, నా భార్య. తర్వాత వాళ్ళ మ్యాపు వైపు చెయ్యి చూపించాను. "కొత్త స్టాపు కొండ పైన గీశారు. గీసినాయన ఎవరో నాకు తెలీదు గానీ ఆయన మోకాళ్ళు చాలా బాగున్నాయి."

హాలు నవ్వింది. అధ్యక్షురాలు కూడా నవ్వింది. అప్పుడు వెనకనుంచి వినపడింది, టక టక టక. ఎప్పుడూ మూడే, ఆ రోజు ఆగకుండా పది, పదిహేను.

పెద్దాయన ఆపమంటున్నాడు, నేను హద్దు దాటాను, మండలిని ఎగతాళి చేశాను అనుకున్నాను. నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను.

"మీకింకా రెండు నిమిషాలుంది" అంది అధ్యక్షురాలు.

"చాలండి" అన్నాను. చెప్పాల్సినదాంట్లో ముఖ్యమైనదొకటి చివరికని దాచుకున్నాను. అది లోపలే ఉండిపోయింది.

బయటికి రాగానే గాలికి జుట్టంతా లేచి నిలబడి, ఆయన నా మీదికి వచ్చాడు. "ఎందుకు కూర్చున్నావ్?"

"మీరే కదా తట్టారు, ఆపమని."

ఆయన మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ దేశంలో యూనివర్సిటీలో పాఠం బాగుంటే విద్యార్థులు చప్పట్లు కొట్టరట. ముందున్న బల్ల మీద వేళ్ళ కణుపులతో అలా తడతారట. ప్రొఫెసర్‌కి అదే మెప్పు. ఆయన వయసులో ఉన్నప్పుడు సార్‌లందర్నీ తరిమారు గానీ ఈ అలవాటొక్కటి చేతికి అంటుకునే ఉంది.

"మరి కొట్టులో, రోజూ?"

"నీ మాటలు బాగుండేవి."

"నేను తొందరపెడుతున్నారనుకుని చిల్లర ఇచ్చేసేవాణ్ణి."

"అవును, నాకూ అర్థమయ్యేది కాదు. మెచ్చుకున్నప్పుడల్లా ఇతను నన్ను బయటికి పంపించేస్తాడేంటని నోటుబుక్కులో కూడా రాసుకున్నాను."

రెండేళ్ళు. వారానికి ఆరు రోజులు. పది తప్పినవాడికి, ప్రొఫెసర్లకి కొట్టే చప్పట్లు రోజూ పొద్దున్నే పడుతుంటే, వాడు బ్రెడ్డు సంచిలో పెట్టి సాగనంపాడు. ఆ సాయంత్రం సుజాతకి చెబితే ఆవిడ నా గురించి ఆలోచించలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, నాలుగు సర్వపిండ్లు తినవెట్టిన గదనయ్యా ఆయనకు" అంది.

స్టాపు పోలేదు. నా మాటలవల్లే అని అనను, కాదని కూడా అనను. ఆ రోజు నుంచి ఆయన తట్టినప్పుడల్లా నేను తల వంచి "థాంక్యూ" అనేవాణ్ణి. ఒక్కోసారి కావాలనే చెత్త జోకు వేసి చూసేవాణ్ణి. చెత్తదానికి తట్టేవాడు కాదు. మొహమాటం లేని మనిషి.

పోయిన చలికాలంలో నిద్రలోనే పోయాడు. ఆ పొద్దున పేపర్ల కట్ట పట్టీ నేనే కోశాను, కత్తెరతో, వంకరగా.

వాళ్ళింటి దగ్గర ఒక చిన్న హాల్లో అందరం కలిశాం. పాతకాలపు జర్మన్ స్నేహితులు ఓ పదిమంది, పొడుగాటి చెక్క బల్లల చుట్టూ కూర్చున్నారు. సుజాత సర్వపిండి చేసి తెచ్చింది, మనిషికొకటి లెక్కన. గుమ్మం దగ్గర ఆయన చేతిరాతతో కాగితం. ప్రార్థనలు వద్దు, సూట్లు వద్దు, మాట్లాడదలచినవాళ్ళు వరసలో పేర్లు రాయాలి, మనిషికి రెండు నిమిషాలు. పోయాక కూడా మీటింగు పెట్టాడు పెద్దాయన.

నా పేరు రాశాను. వంతు వచ్చింది. లేచి, నగర మండలి దగ్గర నాకు రెండు నిమిషాలు మిగిలిపోయాయి, అవి ఇప్పుడు వాడుకుంటానని చెప్పాను. ఆ రోజు చివరికని దాచుకున్న మాట ఇదీ అన్నాను.

"మా స్టాపులో మొదటి బస్సుకి ఒక ముసలాయన దిగుతాడు. దిగువన ఆయన ఇంటికి రెండడుగుల్లోనే ఇంకో డెయిరీ ఉంది. అక్కడా ఇదే పేపరు దొరుకుతుంది. ఎందుకింత దూరం వస్తారని ఒకరోజు అడిగాను. అక్కడ పేపరొక్కటే ఉంది అన్నాడు. మీరు స్టాపు పైకి జరిపితే ఆయన మోకాళ్ళతో అంత కొండ ఎక్కలేడు, దిగలేడు. కొట్టు పోతే ఇంకోటి పెట్టుకుంటాను. పొద్దున్నే నా మాట వినడానికి బస్సెక్కి వచ్చే మనిషి ఇంకొకడు నాకు దొరకడు."

మూల బల్ల దగ్గర ఒక ముసలావిడ మొదలుపెట్టింది, టక టక టక. పక్కాయన అందుకున్నాడు. బల్లలన్నీ అందుకున్నాయి. కప్పులు గలగలమన్నాయి.

అలవాటు ఎక్కడికి పోతుంది, నా మోకాళ్ళు కూర్చోబోయాయి. సుజాత కింద నుంచి వీపు మీద చెయ్యేసి పైకి నెట్టింది. "నిలవడు. ఇంకా టైముంది."

ఈసారి కూర్చోలేదు. చప్పుడు తగ్గేదాకా ఆగి, సర్వపిండి సంగతి మొదలుపెట్టాను.